రాని మంత్రిగారి బొమ్మ

గజపతినగరంలో ఏ సభ జరిగినా, ఏ నాటకం ఆడినా ముందు వరసలో కుడి చివరి కుర్చీ డ్రాయింగు మేస్టారు గణపతిరావుది. ఒళ్ళో చెక్కపలక, దానికి క్లిప్పు పెట్టిన కాగితాల దొంతర, చేతిలో మెత్తటి పెన్సిలు. వేదిక ఎక్కినవాడు ఎంతటివాడైనా ముందు ఆ మూలకి ఓ చూపు విసిరి, పొట్ట లోపలికి లాక్కుని, అప్పుడు మైకు అందుకునేవాడు. లాక్కుని లాభం లేదు. ఊపిరి వదిలే క్షణం కోసమే గణపతిరావు కాచుకుని ఉండేవాడు.

మద్రాసులో రెండేళ్ళు బొమ్మలు నేర్చుకున్నాడు. తండ్రి పోతే ఆ చదువు మధ్యలో వదిలేసి వచ్చి, హైస్కూల్లో పిల్లల చేత కూజాలూ అరటిపళ్ళూ గీయిస్తూ పదిహేనేళ్ళు గడిపేశాడు. ఆ పదిహేనేళ్ళలో ఊరి మీద ఆయనకి పేరుకున్నది ఒకటే, ఏవగింపు. తమ సన్మానానికి తామే శాలువా కొని పంపుకునే పెద్దమనుషులు, హార్మోనియం ఆగినా రాగం ఆపని నటులు, తాళి కట్టే వేళకి కూడా ఎవరి తాంబూలంలో ఎంత కొబ్బరికాయ పడిందో చూసుకునే పెళ్ళివారు, అందర్నీ గీశాడు. ఎవరి మీదా ఒక్క గీత దయ చూపలేదు. "ఉన్నదే గీస్తాను. నా పెన్సిలుకి మొహమాటం లేదు" అనేవాడు. గర్వంగా చెప్పుకోవడానికి ఆయన దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే.

ఊళ్ళో ఆయన వెక్కిరించకుండా గీసిన మనిషి గంగులు ఒక్కడే. గంగులు గొర్రెలు కాచుకు బతికేవాడు. తప్పెటగుళ్ళ జట్టుకి పెద్ద. జాతరలొస్తే తనవాళ్ళని వెంటేసుకుని, రొమ్ముకి రేకు తప్పెట కట్టి, కాళ్ళకి మువ్వలు చుట్టి, దరువు మీద పాడుతూ గెంతేవాడు. ఆ మనిషి నేల వదిలి లేచినప్పుడు నడుము ఎలా తిరుగుతుందో పట్టుకోవాలని గణపతిరావు ఎన్ని కాగితాలు పాడు చేశాడో లెక్కలేదు.

అరవై ఎనిమిది వేసవిలో మిల్లు జగన్నాధం కళామందిరం కట్టించాడు. జగన్నాధానికి బియ్యం మిల్లు ఎంతో నాటకం అంత. అరవైకి దగ్గరపడినా పదహారేళ్ళ రాకుమారుడి వేషం ఇంకొకడికి ఇచ్చేవాడు కాదు. మందిరం అంటే పెద్ద రేకుల షెడ్డు, ఓ చివర సిమెంటు అరుగు, అరుగు మీద మఖమల్ తెర, గుమ్మం మీద జగన్నాధం తండ్రి పేరు. ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తున్నారని కళాసమితి కార్యదర్శి అప్పలసూరి నెల రోజుల ముందు నుంచే ఊరంతా తిరిగి చెప్పాడు. చెప్పడమే అప్పలసూరి పని. ఏది చెప్పాలో జగన్నాధం చూసుకునేవాడు.

ఆ రోజు పొద్దున్నే జగన్నాధం ఇంట్లోంచి సోఫా మోయించుకొచ్చి, తెల్ల దుప్పటి కప్పి, వేదిక నడిమధ్యన వేశారు. రోడ్డు మీద మామిడాకుల తోరణం దగ్గర గంగులు జట్టుని నిలబెట్టారు. కారు కనపడగానే గెంతాలి, అంతే. దూరాన దుమ్ము లేచిన ప్రతిసారీ అప్పలసూరి చెయ్యి ఊపేవాడు, వాళ్ళు గెంతేవారు. ముందు కాలవల ఆఫీసు వాళ్ళ జీపు వచ్చింది. దానికి గెంతారు. తరువాత సాలూరు లారీ వచ్చింది. దానికీ గెంతారు. ఆ లారీ డ్రైవరు బెదిరిపోయి, బండి ఆపి, దిగి, అందరికీ దండం పెట్టి మరీ పోయాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. వంటవాళ్ళు పనసపొట్టు కూర రెండుసార్లు వేడి చేశారు. మంత్రిగారు బొబ్బిలిలో ఎవరింట్లోనో భోంచేసి పడుకున్నారని ఒకడు చెప్పాడు. అసలు విజయనగరమే దాటలేదని ఇంకొకడన్నాడు. మొత్తానికి రాలేదు.

చివరికి ఆముదం తాగిన మొహంతో జగన్నాధమే రిబ్బను కత్తిరించాడు. విజయనగరం నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు తన పని తాను చేసుకుపోయాడు.

గణపతిరావుకి తన పెళ్ళిరోజున కూడా అంత సంతోషం కలగలేదు. కుడి చివరి కుర్చీలో కూర్చుని చకచకా గీశాడు. ఖాళీ సోఫా, దాని మీద ఎవరికీ వెయ్యని గులాబీల దండ, పక్కన తువ్వాలుతో విసురుకుంటూ జగన్నాధం, రోడ్డు వైపు మెడ చాచి అప్పలసూరి. ఇంటికెళ్ళి భార్య సుభద్రమ్మకి చూపించి, "చూడు, ఊరు మొత్తం ఒక్క కాగితం మీదికొచ్చేసింది" అన్నాడు. ఆవిడ బొమ్మ చూసి నవ్వింది. తరవాత, "ఇది వాళ్ళ కంట పడనీకండి" అంది.

వారం తిరక్కుండా జగన్నాధం, అప్పలసూరి ఇంటికే వచ్చారు. కుర్చీలో కూర్చున్న జగన్నాధం మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాడు.

"ఫొటోలన్నీ తగలడిపోనాయి మేస్టారూ. ఎందల సూసినా సోఫాయే పడ్డాది."

"అక్కడున్నది అదే కదండీ" అన్నాడు గణపతిరావు.

"అందుకే మీకాడికొచ్చినాను. ఫొటో డబ్బాకి బుద్ధి నేదు, మీకున్నాది. తలుపంత బొమ్మ ఒకటెయ్యండి. మంత్రిగారు రిబ్బను కత్తిరిస్తన్నట్టు, నాను పక్కన నిలబడినట్టు. మందిరంలో ఎదురుగోడకి పెట్టిద్దుం."

"ఆయన రాలేదు కదండీ!"

"రాడానికే గదా బయల్దేరినారు! దారిలో ఏటయిందో ఏటో. మనసులో వచ్చీసినట్టే గదా."

అప్పలసూరి గొంతు సవరించుకున్నాడు. "మరేం లేదు మేస్టారూ, కొండల దిక్కు బళ్ళకి ఇక్కడినుంచి మేస్టర్లని పంపుతారట. ఆ పేర్లలో మీ పేరు కూడా ఉన్నాదట. బాబుగారు ఆఫీసరుతో మాటాడి ఆపించేరు. ఆపించి ఉంచేరు."

'ఉంచేరు' అన్న మాట దగ్గర అప్పలసూరి కొంచెం ఆగాడు. ఆ యేడు కొండల దిక్కు గిరిజనులకీ భూస్వాములకీ గొడవలు. సాయంత్రమైతే బస్సులు కూడా తిరగడం లేదని చెప్పుకునేవారు. గుమ్మం వెనకాల సుభద్రమ్మ గాజుల చప్పుడు ఆగిపోయింది.

లేస్తూ జగన్నాధం ఇంకో మాటన్నాడు. "ఆ గొర్రెలోల్లని ఎయ్యకండి. మంత్రిగారి కాడ వాల్లెందుకు? ఆ జాగాలో మన సమితోల్లని ఎయ్యండి."

వాళ్ళు వెళ్ళాక గణపతిరావు చాలాసేపు గొణుక్కున్నాడు. సుభద్రమ్మ ఇవతలికి వచ్చి, "గీసి పారీండి. కాగితమే గదా" అంది. ఆవిడ ఆ మాట అనకపోయినా గీసేవాడే. భయం వల్ల గీస్తున్నానని ఒప్పుకోవడం కష్టమైంది గనక, ఇంకో కారణం వెతుక్కున్నాడు. ఈ ఊరి మొహానికి నిజమెందుకు? కాకిని చూపించి కోకిలంటే చప్పట్లు కొట్టే జనం. వీళ్ళకి అబద్ధం గీసి పారేసినా పెన్సిలుకి మైల అంటదు. అలా అనుకున్నాక చెయ్యి తేలిగ్గా కదిలింది.

మంత్రిగారిని ఆయన ఎప్పుడూ చూడలేదు. ఎన్నికల నాటి గోడ కాగితం మీద మెడ దాకా ఉన్న మొహం ఒక్కటే ఆధారం. మిగతా ఒళ్ళు కావాలి కదా. సోడా కొట్టు సూరయ్య కుర్చీ నిండా కూర్చునే మనిషి. కొట్టుకి ఎదురుగా నిలబడి ఆయన భుజాలూ, పొట్టా, తొడలూ గీసుకొచ్చి వాటి మీద మంత్రిగారి తల పెట్టాడు. జగన్నాధానికి పదిహేనేళ్ళ వయసు తగ్గించాడు. జగన్నాధం అడక్కుండానే తగ్గించాడు. అదీ వెక్కిరింపే అనుకున్నాడు. చూసిన జగన్నాధం కళ్ళు చెమ్మగిల్లాయి. "అచ్చం నాలాగే ఉన్నాను మేస్టారూ" అన్నాడు.

బొమ్మకి అద్దం కట్టించి మందిరంలో పెట్టారు. మొదటి పది రోజులూ జనం వచ్చి చూసి, ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వుకుపోయారు. ఆ తరవాత నవ్వడం మానేశారు. వర్షాలు పడేసరికి, "మంత్రిగారొచ్చినప్పుడు" అనే మాట ఊళ్ళో మామూలైపోయింది. దసరా నాటికి వివరాలు పుట్టుకొచ్చాయి. మంత్రిగారు కారు దిగగానే చెప్పులు విప్పి మందిరంలోకి వచ్చారని మంగలి చెప్పాడు. పనసపొట్టు కూర మళ్ళీ అడిగి వేయించుకున్నారని వంటవాళ్ళు చెప్పుకున్నారు. సమితి వార్షిక నివేదికలో అప్పలసూరి ఆయన ఉపన్యాసం కూడా రెండు పేజీలు రాశాడు. హైస్కూలు తెలుగు పండితుడైతే ఆ ఉపన్యాసంలో ఓ వ్యాకరణ దోషం పట్టుకున్నాడు.

గణపతిరావుకి ఇదంతా పండగలా ఉండేది. రోజూ ఇంటికొచ్చి భార్యకి చెప్పి విరగబడి నవ్వేవాడు. "నేను చెప్పలా? వీళ్ళకి కళ్ళెందుకు? ఎవడో ఒకడు గీసి చూపిస్తే చాలు." సుభద్రమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ వినేది. ఓ రోజు, "గీసినవాడు మీరే కదండీ" అంది. ఆయన విననట్టే పెన్సిలు చెక్కుకోవడం మొదలెట్టాడు.

కార్తీకంలో ఓ ఉదయం గంగులు వచ్చాడు. అరుగు కింద నిలబడి, తలపాగా విప్పి చేత్తో పట్టుకున్నాడు. చంకలో పాల చెంబు.

"బాబూ, మందిరంలో బొమ్మ సూసినాను. శానా బాగున్నాది. మమ్మల్ని ఎయ్యడం మర్సిపోనారు."

"మరిచిపోలేదు గంగులూ. వద్దన్నారు."

"ఓ మూలకి ఎయ్యండి బాబూ. మంత్రిగారికి ఎనకాల. మా జట్టోల్లు అడగమన్నారు. మా ఆడోల్లు ఎల్లి సూసొచ్చి, మీరెక్కడా నేరేటి అంటన్నారు."

గణపతిరావుకి ఒళ్ళు మండింది. ఊళ్ళో ఇంకెవడు అన్నా సహించేవాడు, ఈ మాట గంగులు నోట వినలేకపోయాడు. అరుగు చివరికి వచ్చి అడిగాడు.

"నువ్వు తోరణం దగ్గరే ఉన్నావు కదూ? పొద్దుటినుంచీ ఉన్నావు. నీ కళ్ళతో చూశావు. ఆయన వచ్చాడా? నిజం చెప్పు."

గంగులు కాసేపు ఆయన మొహంలోకి చూశాడు. తరవాత తలపాగా చుట్టుకోవడం మొదలెట్టాడు.

"రాపోతే మరి మేమెందుకు గెంతినం బాబూ? మా పోలిగాడికి అరికాలు బొబ్బలెక్కి నాలుగు దినాలు గొర్రెల ఎంట ఎల్లనేదు. ఎవులూ రాని రోడ్డు మీద, ఎండలో, అంతమందిమి గెంతినామంటే మమ్మల్నేటంటారు? పిచ్చోల్లనరా?"

పాల చెంబు అరుగు మీద పెట్టి గంగులు వెళ్ళిపోయాడు. ఆ ఆదివారం గణపతిరావు మందిరానికి వెళ్ళి, అద్దం ఊడదీయించి, సమితి సభ్యుల వెనకాల కొద్దిపాటి ఖాళీలో గంగుల్నీ, ఇద్దరు ముగ్గురు జట్టువాళ్ళనీ ఇరికించాడు. ఎవరికీ కాళ్ళు కనపడవు. గాలిలోకి లేచారో నేల మీదే ఉన్నారో చెప్పడం కష్టం. ఆ రోజు ఇంటికొచ్చి ఎవరి గురించీ నవ్వలేదు.

మరుసటి యేడు మందిరం వార్షికోత్సవానికి మంత్రిగారు నిజంగానే వచ్చారు. కారు ఆగింది. సన్నగా, పొడుగ్గా, వెదురుగడలాంటి మనిషి దిగాడు. గంగులు జట్టు ఆయన చుట్టూ గెంతింది. జగన్నాధం ఆయన్ని చెయ్యి పట్టుకుని నేరుగా బొమ్మ ముందుకి నడిపించుకొచ్చాడు.

మంత్రిగారు బొమ్మని చూశారు. వెయ్యి ప్రారంభోత్సవాలు చేసిన మనిషి. క్షణం కూడా తడబడలేదు.

"గుర్తుంది, గుర్తుంది. బాగా ఎండ ఆ రోజు."

"పనసపొట్టు కూర మల్లీ అడిగి ఏయించుకున్నారండి" అన్నాడు జగన్నాధం.

"ఆహా! అలాంటి కూర మళ్ళీ తినలేదయ్యా." తన బొమ్మ పొట్ట వైపు కొంచెంసేపు చూసి, "అప్పట్లో కాస్త ఒళ్ళు చేసినట్టున్నాను. ఎవరిదీ బొమ్మ?" అన్నారు.

అప్పలసూరి గణపతిరావుని ముందుకి తోశాడు. మంత్రిగారు భుజం తట్టి వేదిక మీదికి తీసుకెళ్ళి, మైకు ముందు నిలబెట్టి, "ఉన్నది ఉన్నట్టు గీసే కళాకారుడు మీ ఊళ్ళో ఉండడం మీ అదృష్టం" అన్నారు. చప్పట్లు మోగాయి. ఎదురుగా ఊరంతా కూర్చుని ఉంది. అవే మొహాలు. పదిహేనేళ్ళుగా తన గీతకి దడిచిన మొహాలు ఇప్పుడు ఆప్యాయంగా తన వైపు చూస్తున్నాయి. తననీ తమలో కలిపేసుకున్నాయి. గణపతిరావు మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"మీరు ఆ రోజు రాలేదండి" అన్నాడు మైకులో.

జగన్నాధం రంగు మారింది. ఇంతలో మంత్రిగారు పగలబడి నవ్వారు. ఆయన నవ్వగానే ఊరంతా నవ్వింది.

"నిజంగానే రాలేదండి! ఆ ఒళ్ళు మీది కాదు, సోడా కొట్టు సూరయ్యది!" అని అరిచాడు గణపతిరావు.

దాంతో జనం బెంచీల మీద పడి నవ్వారు. సూరయ్య లేచి నిలబడి నలువైపులా దండాలు పెట్టాడు. మంత్రిగారు కళ్ళు తుడుచుకుంటూ, "ఈ కళాకారులతో ఇదే చిక్కు. మంత్రి అయినా సరే, వదలరు" అన్నారు. అప్పలసూరి ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు.

గుమ్మం దగ్గర నిలబడిన గంగులు ఒక్కడే నవ్వలేదు.

సాయంత్రం నాటకం. రాకుమారుడి వేషంలో జగన్నాధం పద్యం ఎత్తుకున్నాడు. ఊపిరి అందనప్పుడల్లా హార్మోనియం ఆయన్ని ఆదుకుంటోంది. ముందు వరసలోకి దింపి వేసిన సోఫాలో మంత్రిగారు మొదటి పద్యానికే నిద్రపోయారు. తల వెనక్కి వాలింది, నోరు తెరుచుకుంది, సన్నటి మెడలో గుటక పైకీ కిందకీ కదులుతోంది. గణపతిరావు పలక ఒళ్ళోకి లాక్కుని గీశాడు. ఏడాదిగా అంత శ్రద్ధగా గీసింది లేదు. ఒక్క గీత తుడవలేదు.

అప్పలసూరి వెనకనుంచి వంగి చూశాడు.

"ఎవులండి ఇది?"

"మంత్రిగారు."

అప్పలసూరి బొమ్మ వైపు చూసి, సోఫా వైపు చూసి, ఎదురుగోడ వైపు చూశాడు. "లేదండి. పోలిక కుదర్నేదు. అద్గదీ మంత్రిగారంటే" అని గోడమీది సూరయ్య ఒంటిని చూపించి, తాంబూలం సంగతి చూసుకోవడానికి వెళ్ళిపోయాడు.

జనం 'వన్స్ మోర్' అని కేకలేశారు. జగన్నాధం అదే పద్యం మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. గణపతిరావు లేచి బయటికి వచ్చేశాడు.

మెట్ల మీద గంగులు మువ్వలు విప్పుకుంటున్నాడు. గణపతిరావుని చూసి లేచి నిలబడ్డాడు. మొహంలో కోపం కనపడలేదు.

"ఎందుకన్నారు బాబూ ఆ మాట? అందరి ముందరా! మా పిల్లలు కూడా ఇన్నారు."

"నిజం గంగులూ అది."

"నిజమే. మీకూ తెలుసు, నాకూ తెలుసు. అయితే ఇన్నాల్లూ ఊరుకున్నారు గదా. మీరే గీసినారు, మీరే ఇప్పుడు నేదంటారు. మద్దిన మమ్మల్నెందుకు పిచ్చోల్లని సేసినారు? మేం మీకేటి సేసినం?"

"అంతా నవ్వులాట అనుకున్నార్లే" అన్నాడు గణపతిరావు.

"అదే మరి. మేం గెంతిందీ నవ్వులాటే అయిపోనాది" అన్నాడు గంగులు. మువ్వలు గుడ్డలో మూటకట్టుకుని చీకట్లు పడుతున్న దారిలో నడిచిపోయాడు.

గణపతిరావు ఇంటికి వెళ్ళి, భోజనం వద్దని, బల్ల ముందు కూర్చుని దరఖాస్తు రాశాడు. కొండల దిక్కు బడికి తనని బదిలీ చేయవలసిందిగా ప్రార్థన. సుభద్రమ్మ భుజం మీంచి చదివి నెత్తి కొట్టుకుంది.

"పిచ్చి పట్టిందేటండీ? ఎల్లమన్న వాళ్ళే బతిమాలి తప్పించుకుంటన్నారు. అక్కడ పిల్లలు సగం మంది బడికే రారట."

"రాకపోతే రాలేదనే రాస్తాను హాజరు పట్టీలో."

ఆవిడ పక్కన పీట వాల్చుకుని కూర్చుంది. మందిరం వైపు నుంచి మైకులో జగన్నాధం గొంతు వినవస్తూనే ఉంది. పద్యం ఇంకా అవలేదు.

"ఇక్కడైతే ఊరంతటినీ ఎక్కిరించుకుంటూ కాలం గడిపేరు. మనిషన్నవాణ్ణి ఒక్కణ్ణి బాగున్నాడనలేదు. కొండల్లో ఎవరిని ఎక్కిరిస్తారు?"

గణపతిరావు కలం కాగితం మీదే ఆగింది. ఊరివాళ్ళ మొహాలు ఒక్కొక్కటే తలుచుకున్నాడు. జగన్నాధం, అప్పలసూరి, సూరయ్య, తెలుగు పండితుడు. అందరికన్నా చివర, అరుగు మీద కూర్చుని భార్యకి వాళ్ళ కబుర్లు చెప్పి విరగబడి నవ్వే మనిషి కనపడ్డాడు.

"తెలీదు సుభద్రా" అన్నాడు. సంతకం పెట్టి, తేదీ వేశాడు.

ఆ దరఖాస్తు ఎవరూ ఆపలేదు. ఆ యేడు అటు వెళ్తానన్నవాడు ఆయన ఒక్కడే అవడంతో ఉత్తర్వు పది రోజుల్లోనే వచ్చింది. జగన్నాధం మాత్రం నొచ్చుకున్నాడు. తాను ఆపించి ఉంచిన బదిలీని అడిగి మరీ తీసుకున్నాడంటే ఈ మేస్టారుకి కృతజ్ఞత అనేది లేదని నలుగురి దగ్గరా అన్నాడు. నలుగురూ అవునన్నారు. సామాను ఎక్కించిన బండి మందిరం ముందునుంచి పోతూంటే లోపల కొత్త నాటకం రిహార్సలు జరుగుతోంది. గణపతిరావు అటు తిరగలేదు. సుభద్రమ్మ మాత్రం బండి వెనకనుంచి తల బయటికి పెట్టి, ఆ రేకుల షెడ్డు కనపడినంతసేపూ చూసింది.